తొమ్మిది వందల ఎనభై రావాలి

చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. అడిగినవాళ్ళ మీద కాదు, నా మీద నాకే. ఇంత వయసొచ్చినా ఆ విషయంలో తిన్నగా ఒక్క మాట చెప్పలేను. పిల్లలకి ఎలా చెప్పాలో, మన చదువులు ఎలా బాగుపడతాయో మొట్టమొదట నా చెవిన వేసినాయన ఒక యూనివర్సిటీ ప్రొఫెసరు. ఆయన చెప్పినంత బాగా మళ్ళీ ఇంకెవరూ చెప్పలేదు. ఆయన మాట పట్టుకునే నేను పరీక్ష తప్పాను. తప్పించింది కూడా ఆయనే. అలాగని చెడ్డవారందామా అంటే నోరు రాదు. పోనీ మంచివారందామా అంటే అదీ రాదు.

అరవైల చివర్లో నేను శ్రీకాకుళంలో బి.ఎస్సీ. చదివేవాణ్ణి. మాది సముద్రపొడ్డున పల్లె. మా అయ్య తెప్ప మీద వేటకెళ్ళేవాడు, తాతా అంతే. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది నేనొక్కణ్ణే. అది నా తెలివి చూసి అనుకునేరు, కాదు. తెప్పెక్కితే నాకు వాంతులు. కెరటం విరిగే చోటు దాటేసరికి పేగులు నోట్లోకి వచ్చేసేవి. వేట ఇంట్లో పుట్టి సముద్రం పడనివాణ్ణి ఏం చేసుకుంటారు? "ఈ గుంటడు దేనికీ పనికిరాడు, సదివించీండి" అని ఊళ్ళో పెద్దలు తీర్మానించేశారు. అయ్య ఒప్పుకున్నాడు గాని ఒక మెలిక పెట్టాడు.

"సదువుకుంటానంటే సదువుకో. పరీచ్చ పోయిందంటే మాత్రం మరింక మాటల్లేవు. వచ్చి తెప్పెక్కాల," అన్నాడు.

నాతో చదివేవాళ్ళకి పరీక్ష పోతే పరువు పోయేది, లేదా ఒక ఏడాది పోయేది. నాకు పేగులే పోతాయి. పుస్తకం తెరిచినప్పుడల్లా ఆ తెప్పే కనపడేది.

అరసవల్లిలో మా అప్ప ఇంట్లో ఉండేవాణ్ణి. అప్పంటే మా అక్క. బావకి గుడికెళ్ళే దారిలో కొబ్బరికాయలూ కర్పూరం అమ్మే కొట్టు ఉండేది. అప్ప పొద్దున్నే అంత గంజీ అన్నం పెట్టి పంపేది. అక్కణ్ణించి కాలేజీకి నడకే.

అసలు గొడవంతా మా ఫిజిక్స్ లేబరేటరీలో ఉంది. అక్కడ ఒక లోలకం ఉండేది. లోలకమంటే పెద్ద విడ్డూరమేం కాదు, ఒక దారానికి ఇత్తడి గుండు కట్టి వేలాడదీస్తారు. దాన్ని ఊపాలి, ఎంతసేపు ఊగిందో నొక్కితే ఆగే గడియారంలో చూడాలి, దారం పొడవు కొలవాలి, రెండూ లెక్కలో వెయ్యాలి. భూమి వస్తువుల్ని ఎంత గట్టిగా లాగుతోందో ఆ లెక్క చెప్తుంది. జవాబు తొమ్మిది వందల ఎనభై రావాలి. రావాలంటే రావాలంతే. మా లెక్చరరు గారు ఆ అంకెని నల్లబల్ల మూల సుద్దతో రాసి ఉంచేవారు. బల్లంతా తుడిచినా ఆ మూల ఎవరూ తుడిచేవారు కాదు.

నిజానికి ఎవరికీ అది వచ్చేది కాదు. మాకంటే ముందు చదివినవాళ్ళు మాకొక మార్గం చెప్పి వెళ్ళారు. ముందు దారం పొడవు కొలుచుకో, తర్వాత తొమ్మిది వందల ఎనభై రావాలంటే గుండు ఎంతసేపు ఊగాలో వెనకనుంచి లెక్క కట్టుకో, ఆ టైము రాసుకో. అప్పుడు గుండుని ఊపినా ఒకటే, ఊపకపోయినా ఒకటే. దాన్ని మేం రీడింగులు వండటం అనేవాళ్ళం. లెక్చరరు గారికి తెలుసు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయనా వండే ఉంటారు. ఎవరికీ అందులో తప్పు కనపడేది కాదు. నాకూ కనపడలేదు, ఆ ప్రొఫెసరు గారు వచ్చేదాకా.

ఆయన వానాకాలంలో వచ్చారు, కాలేజీలో సైన్సు సంఘం ప్రారంభం చెయ్యటానికి. యూనివర్సిటీ ప్రొఫెసరంటే ఇంగ్లీషులో దంచేస్తారని మేమంతా కునికిపాట్లకి సిద్ధమై కూచున్నాం. ఆయన లేచి తెలుగులో మొదలెట్టారు. హాలంతా ఉలిక్కిపడింది. మా ప్రిన్సిపాలు గారి మొహం చూడాలి, ఏదో అపచారం జరిగినట్టు కుర్చీలో ముడుచుకుపోయారు.

"మీ ఊళ్ళో పిల్లాడికి గాలెటు తిరిగిందో తెలుసు. ఏ నేల తడి ఎన్నాళ్ళుంటుందో తెలుసు. వాణ్ణి తీసుకొచ్చి బళ్ళో కూచోబెట్టి, నీకేం తెలీదు, నేను చెప్పింది రాసుకో అంటున్నాం. మూడేళ్ళయ్యేసరికి వాడు నిజంగానే ఏమీ తెలియనివాడైపోతాడు. అప్పుడు పట్టా ఇచ్చి పంపుతున్నాం," అన్నారాయన.

మేం చప్పట్లు కొట్టాం. నోట్సు చెప్పి రాయించటం మానాలన్నారు. లెక్చరర్లు మాట్లాడటం సగానికి తగ్గించి, పిల్లల్ని మాట్లాడనివ్వాలన్నారు. ఆ తర్వాత ప్రాక్టికల్సు గురించి చెప్పిన మాట నాకు ఈ రోజుకీ చెవుల్లో ఉంది. "పుస్తకంలో ఉన్న జవాబు పుస్తకానిది. నీకొచ్చింది నీది. నీ కళ్ళతో చూసిందే రాయి. తప్పొస్తే తప్పే రాయి. అక్కణ్ణించే సైన్సు మొదలవుతుంది," అన్నారు.

చివర్లో సందేహాలుంటే అడగమన్నారు. ఒక్కరూ కదల్లేదు. "ఇదిగో, ఈ మౌనమే మన చదువుకి పట్టిన తెగులు," అన్నారాయన. నాకేం పుట్టిందో ఏమో, చెయ్యెత్తేశాను. చెయ్యెత్తాక అడగటానికేమీ లేదు. లేచి నిలబడి, "మరి పరీక్షలోనో సార్?" అన్నాను. హాలు గొల్లుమంది. ఆయన నవ్వలేదు.

"పరీక్షలో కూడా," అన్నారు. దిగి వచ్చి నా భుజం మీద చెయ్యేసి ఏ ఊరని అడిగారు. చెప్పాను. "ఓహో, తెప్పల ఊరు," అన్నారు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

మర్నాటినుంచి రీడింగులు వండటం మానేశాను. గుండుని నిజంగా ఊపాను, నిజంగా చూశాను, నిజంగా రాశాను. వెయ్యీ పది వచ్చింది. మళ్ళీ ఊపాను. వెయ్యీ పన్నెండు. దారం మార్చాను, గడియారం మార్చాను. ఎప్పుడు చేసినా వెయ్యి దాటిపోతోంది. రికార్డు పట్టుకెళ్తే లెక్చరరు గారు కళ్ళజోడు మీదనుంచి నన్నొక చూపు చూశారు.

"ఏం రా, భూమి నిన్నొక్కణ్ణే ఎక్కువ లాగుతోందా?"

"నాకదే వచ్చింది సార్."

"రాకూడదు. పోయి మళ్ళీ చెయ్యి."

"చేశాను సార్. చూసిందే రాయమని ప్రొఫెసరు గారు..."

"ఆయన వస్తారు, చెప్తారు, కారెక్కి వెళ్తారు. మార్చి పరీక్ష రిజల్టుల్లో మీ పేర్లు బోర్డు మీద లేకపోతే ప్రిన్సిపాలు గారు అడిగేది నన్ను," అన్నారు. కోపంగా కూడా అనలేదు, అలిసిపోయినట్టు అన్నారు. పాపం ఆయన బోధన మీద పాఠం వినే స్థితిలో లేరు, పొద్దున్నుంచి క్లాసులే. రికార్డు మీద సంతకం పెట్టలేదు. సంతకం లేకపోతే పరీక్షకి కూచోనివ్వరు. చివరికి సంకురాత్రి ముందు రికార్డులో తొమ్మిది వందల ఎనభై రాసి సంతకం పెట్టించుకున్నాను. పరీక్షలో మాత్రం నాకొచ్చిందే రాస్తానని పంతం పట్టాను.

ఒక రోజు కొట్లో కూచుని బావకి ఇదంతా చెప్పాను. బావ కాయ పీచు ఒలుస్తూ విన్నాడు.

"అయితే జవాబు ముందే తెలుసా మీకు?"

"తెలుసు బావా. పుస్తకంలో ఉంది."

"తెలిసిపోయినదానికి మళ్ళా ఊపడమేటి?"

"నేర్చుకోవటానికి."

"ఏటి నేరుస్తారు? అందరికీ అదే వస్తాదని నేరుస్తారా?" అన్నాడు. కాయ పక్కన పెట్టి, "ఒరే మరిదీ, నాకివన్నీ తెలీవు గానీ, నువ్వు పాసవ్వాల. మావ ఊరుకోడు. తెప్పెక్కించీగలడు. ఆలోసించుకో," అన్నాడు.

ఆలోచించటానికేముంది? అటు తిరిగితే ప్రొఫెసరు గారు చెప్పింది నిజమనిపించేది. ఇటు తిరిగితే లెక్చరరు గారు చెప్పిందీ నిజమే. గుండు దగ్గరికెళ్తే అది వెయ్యీ పది అంటోంది. ముగ్గురిలో ఎవరో ఒకరు అబద్ధమాడాలి కదా? నాకు బుర్ర తిరిగిపోయేది.

మార్చిలో పరీక్షకి బయటి ఎగ్జామినరు ఎవరో తెలిశాక నేను ఎగిరి గంతేశాను. ఆయనే. ఆ ప్రొఫెసరు గారే. ఇంక నాకు ఢోకా ఏముంది? చీటీ తీస్తే లోలకమే వచ్చింది. అప్ప ఆ పొద్దున ఆదిత్యుడికి దణ్ణం పెట్టి పంపింది, దాని ఫలమే అనుకున్నాను. లెక్చరరు గారు నా పక్కనుంచి వెళ్తూ, ఆగి, "ఒరే, ఈ ఒక్క రోజూ నా మాట విను. బంగారం," అని గొణిగారు. ఆ 'బంగారం' అన్నమాటకి నా మనసు కొంచెం కదిలింది కూడా. విన్నానా? వినలేదు. ఊపాను, కొలిచాను, లెక్క కట్టాను. వెయ్యీ పది. దాని కింద గట్టిగా గీత గీసి, పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

ఆయన నన్ను గుర్తుపట్టి నవ్వారు. కాయితం చూశారు. నవ్వు ఆగిపోయింది.

"ఇదేమిటి? ఎంత రావాలి?"

"తొమ్మిది వందల ఎనభై సార్. కాని నాకిది వచ్చింది. చూసిందే రాయమన్నారు కదా మీరు."

ఆయన లేచి లోలకం దగ్గరికి నడిచారు. తనే గుండుని ఊపి, తనే గడియారం పట్టుకుని, తనే కొలిచి, నిలబడే లెక్క కట్టారు. ఆయనకీ వెయ్యి దాటింది. నా ఆనందం చెప్పలేను, ఎక్కడ పైకి తెలిసిపోతుందో అని పెదవి కొరుక్కుంటున్నాను. ఆయన ఆ కొలిచే స్కేలుని పైకెత్తి చూశారు. దాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా టేబులు కాలికి పురికొసతో కట్టేసి ఉంచేవారు, ఏళ్ళ తరబడి ఆ టేబులుకి అదే స్కేలు. ఆయన పక్క టేబులుమీది స్కేలు తెప్పించి దాని పక్కన పెట్టారు. మాది పొట్టి. మొదలు దగ్గర రెండు వేళ్ళ మందాన చెక్క లేదు. ఎప్పుడో విరిగితే ఎవరో నున్నగా చెక్కేసినట్టున్నారు. అక్కడి గీతలు చేతుల రాపిడికి అరిగిపోయాయి గనక ఎవరికీ అనుమానం రాలేదు. అంటే ఇన్నేళ్ళూ ఆ స్కేలుతో దారం కొలిచిన ప్రతివాడికీ పొడవు ఉన్నదానికంటే ఎక్కువే వచ్చింది. నిజంగా చేస్తే ప్రతివాడికీ వెయ్యి దాటాలి.

ఆయన వెనక్కి వెళ్ళి కూచుని, ఆ ముందురోజునుంచి లోలకం చేసిన వాళ్ళ కాయితాలన్నీ బయటికి తీశారు. తొమ్మిది వందల ఎనభై. తొమ్మిది వందల డెబ్బై తొమ్మిది. తొమ్మిది వందల ఎనభై ఒకటి. మా లెక్చరరు గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

"విరిగిన స్కేలుతో వీళ్ళందరికీ సరైన జవాబు ఎలా వచ్చిందండీ?" అన్నారు ప్రొఫెసరు గారు.

లెక్చరరు గారు కిటికీ వదిలి ఆయన దగ్గరికి వచ్చారు. ఇద్దరూ ఇంగ్లీషులోకి దిగిపోయారు, నన్ను దూరంగా నిలబడమన్నారు. నాకు సగమే అర్థమైంది. కాసేపటికి ప్రొఫెసరు గారు నన్ను పిలిచారు. ఆయన మొహం వాడిపోయి ఉంది.

"చూడబ్బాయ్. నువ్వు చూసింది రాశావు. కాని వెయ్యీ పది వచ్చినప్పుడు ఎక్కడో తేడా ఉందని అనుమానం రావాలి కదా? స్కేలు చూసుకోవద్దూ? చూసుకోకుండా తెచ్చి ఇస్తే అది ప్రయోగం ఎలా అవుతుంది? నేనెలా పాసు చెయ్యను?"

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టటానికి లేదు. చూసుకోవాల్సిందే. కాని నోరు ఊరుకోలేదు. "మరి మిగతావాళ్ళు సార్? వాళ్ళు గుండుని ముట్టుకోనేలేదు," అనేశాను.

"తెలుసు," అన్నారాయన నెమ్మదిగా. "వాళ్ళనేం చెయ్యమంటావు? అందర్నీ ఫెయిల్ చెయ్యనా? చెప్పు. నువ్వు చెప్తే చేస్తాను."

ఎటకారంగా అడగలేదు. నిజంగానే అడిగారు. ఆ కళ్ళజోడు వెనక కళ్ళు నా వైపే చూస్తున్నాయి. గుమ్మం బయట నా స్నేహితులు నవ్వుకుంటూ నిలబడి ఉన్నారు, వాళ్ళలో ఒకడి పెళ్ళి ఈ పరీక్ష మీద ఆగి ఉంది. "వద్దు సార్," అన్నాను. ఆయన తలాడించి నా కాయితం మీద ఏదో రాసి తిరగేశారు. బయటికొచ్చాక అర్థమైంది, నేనే నన్ను ఫెయిల్ చేసుకుని వచ్చానని. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

ఎండాకాలం ఊరెళ్ళాను. అయ్య సంగతంతా అడిగాడు.

"నిజం రాసినావా, అబద్దం రాసినావా?"

"నిజమే అయ్యా."

"మరి పోనాదేటి?"

"స్కేలు విరిగిపోయింది."

"ఇరిగిపోనాది స్కేలైతే నిన్ను తప్పించినారేటిరా?" అన్నాడు. చాలాసేపు ఆలోచించాడు. నేనూ ఆలోచించాను. ఇద్దరికీ అంతు పట్టలేదు. "సర్లే, ఆ సంగతి నాకు తెలీదు. ఆడిన మాట ఆడినదే. పద," అన్నాడు.

తెప్పెక్కాను. కెరటం దాటకముందే మొదలైంది. పొద్దున తాగిన గంజి, రాత్రి తిన్న కూడు, అన్నీ అయిపోయాక ఒట్టి పసరు. తెప్ప చెక్కల్ని పట్టుకుని పడుక్కున్నాను, చచ్చిపోతే బాగుణ్ణనుకున్నాను. అయ్య నన్ను తిట్టలేదు. ఇంకా వల వెయ్యకుండానే తెప్పని ఒడ్డుకి తిప్పేశాడు. తోటివాళ్ళు గొణిగితే, "ఊరుకోండి" అన్నాడు. ఒడ్డుకి చేరాక నన్ను ఇసకలో కూచోబెట్టి మొహం కడిగాడు.

"సెప్టెంబరులో మళ్ళా ఉన్నాది కదా పరీచ్చ. అందాకా సూస్తాను. అప్పుడూ పోయిందంటే వాంతైనా సరే, ఏటైనా సరే. అలవాటైపోతాది," అన్నాడు. గొంతు మాత్రం గట్టిగా లేదు.

సెప్టెంబరులో వెళ్ళాను. ఆ ప్రొఫెసరు గారే మళ్ళీ వచ్చారు. లేబరేటరీలోకి కొత్త స్కేళ్ళు వచ్చాయి, ఆయనే గట్టిగా రాసి తెప్పించారట. మెరుస్తూ, రెండు కొసలా ఇత్తడి తొడుగులతో ఉన్నాయి. చీటీ తీశాను. మళ్ళీ అదే లోలకం.

ఈసారి ముందు స్కేలు చూసుకున్నాను. ఇంకో స్కేలు పక్కన పెట్టి, గీతకి గీత కలిపి చూశాను. గడియారం చూసుకున్నాను. దారం ముడి చూసుకున్నాను. ఫాను గాలి తగులుతుందని ఆపించాను. అప్పుడు గుండుని మెల్లిగా వదిలాను. లెక్క కట్టాను.

తొమ్మిది వందల ఎనభై.

నా కళ్ళు నేనే నమ్మలేదు. మళ్ళీ మొదటినుంచి చేశాను. మళ్ళీ అదే. ఎక్కడా వండలేదు, వెనకనుంచి ఒక్క లెక్క కట్టలేదు, చూసిందే రాశాను. అయినా అనుమానం. ఆ అంకె కోసమే ఎదురుచూస్తున్న నా బొటనవేలు గడియారాన్ని కావాలని సరిగ్గా అక్కడే నొక్కలేదు కదా? ఏమో. ఎలా తెలుస్తుంది? అయినా ఆనందం పట్టలేకపోయాను. ఆయన చెప్పినట్టే చేశాను, లెక్చరరు గారు కావాలన్నదే వచ్చింది, అయ్య దగ్గరికి పాసై వెళ్తాను. ఇంతకన్నా ఏం కావాలి? కాయితం పట్టుకుని దాదాపు పరిగెత్తాను.

ప్రొఫెసరు గారు నన్ను చూడగానే గుర్తుపట్టారు. "ఓ, నువ్వా," అన్నారు. కాయితం తీసుకుని కిందికి చూశారు. జవాబు దగ్గర ఆగారు. ఆయన పెదవుల మీద మెల్లగా ఒక నవ్వు వచ్చింది. తలెత్తి మా లెక్చరరు గారి వైపు చూశారు. లెక్చరరు గారూ నవ్వారు. ఇద్దరూ పెద్దవాళ్ళు, ఒకరి మనసు ఒకరికి తెలిసినట్టు నవ్వుకున్నారు.

"దారిలో పడ్డావన్నమాట," అన్నారు ప్రొఫెసరు గారు, కలం తీస్తూ. ఆ గొంతులో ఎంతో దయ ఉంది, కొంచెం దిగులు కూడా ఉంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. నేనూ వండి తెచ్చాననుకున్నారని తర్వాత తట్టింది. "లేదు సార్! నిజంగానే వచ్చింది. స్కేలు కూడా చూసుకున్నాను. మీరొచ్చి ఒకసారి ఊపి చూడండి సార్. నిజంగానే వచ్చింది!" అన్నాను. నా గొంతు ఏడుపులా వినపడింది.

ఆయన లేవలేదు. మార్కులు వేసి, కింద సంతకం పెట్టారు.

"అందరికీ నిజంగానే వస్తుందోయ్," అని తర్వాతి నంబరు పిలిచారు.